ఇంకో చిన్న చక్రం

గంటస్తంభం వెనక సందులో
కోరాడ దాసు నా సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి
పెడల్ని ఒక్క తిప్పు తిప్పి వదిలేశాడు.
వెనక చక్రం చాలాసేపు తిరిగింది.
ఆగాక అన్నాడు:
"సైకిల్‌కి ఏటీ అవలేదు మేడంగారూ,
మోకాళ్ళకే అయింది."

నిజమే.
ఎనభై ఏడులో, జిల్లా మీట్‌లో,
నెల్లిమర్ల రోడ్డు మీద ఈ బండే నన్ను లాక్కెళ్ళింది.
ముందు యాభై రెండు పళ్ళు, దాని లోపల నలభై రెండు,
వెనక పదమూడు నుంచి ఇరవై ఒకటి.
చదును నేల చూసి వేసిన లెక్క అది.
అప్పటి నా తొడలకి
ఎత్తంటే రైల్వే బ్రిడ్జి ఒక్కటే.

ఇప్పుడు యాభై ఆరు.
విజిల్ మెడలో వేసుకుని పిల్లల్ని పరిగెత్తించే ఉద్యోగం
ఇంకా ఆరేళ్ళుంది.
మొన్న ఆదివారం, బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యే చోట
దిగి, హ్యాండిల్ పట్టుకుని నడిచాను.
జీడితోటలోంచి ఒక కుర్రాడు
"గాలి పోనాదేటి?" అన్నాడు.
ఏ గాలో
నేను చెప్పలేదు వాడికి.

దాసు క్రాంక్‌ని స్పానర్‌తో తట్టి చూశాడు,
పుచ్చకాయని తట్టినట్టు.
"సిన్న చక్రం ఏసీద్దామంటే ఇది ఒప్పుకోదు.
అయిదు బోల్టులూ ఇంతింత దూరం నిలబడిపోనాయి కదా,
నలభై ఒకటి కంటే సిన్నది ఈటి మధ్యకి రాదు."
క్రాంకే మార్చేస్తే?
"మార్సీయొచ్చు. కొత్తది తేలిక కూడాను."
అని, గుడ్డ తీసి
ఎడమ క్రాంక్ మీద ఒకచోట తుడిచాడు.
తుడవక్కర్లేదు అక్కడ.
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా చీలమండ రాసుకుని రాసుకుని
అద్దంలా చేసిన చోటది.
సరే, మార్చొద్దులే అన్నాను.

వెనక ఇరవై ఎనిమిది పళ్ళది ఎక్కించి చూశాడు.
పాత గేరు చెయ్యి అంత కిందకి వంగలేక కీచుమంది.
ఇరవై నాలుగుతో సర్దుకుంది.
చెయిన్‌కి రెండు లింకులు అతికాయి.
చాలదు, అన్నాయి మోకాళ్ళు.

అప్పుడు పుట్టింది దాసుకి బుద్ధి.
నలభై రెండు పళ్ళ చక్రానికే
లోపలి వైపు అయిదు కొత్త బెజ్జాలు.
వాటికి వేలాడదీయడానికి
తుక్కులో దొరికిన పిల్లల సైకిల్ చక్రం, ముప్ఫై పళ్ళది.
మధ్యన ఎడం కోసం
జలీల్ లేత్ మీద కుళాయి పైపు కోసి చేసిన అయిదు ఉంగరాలు.
కాస్త పొడుగు ఇరుసు కావాలి కదా,
సొరుగు మొత్తం నేల మీద గుమ్మరించి
ఒంటిగంటకి ఒకటి పట్టాడు.
భోజనానికి వెళ్ళలేదు. నన్నూ వెళ్ళనివ్వలేదు.

"ఒకటే తిరకాసు.
ముందు గేరు మీట రెండు చక్రాలే ఎరుగును.
మూడోదాని మీదకి చెయిన్ మీరే దిగి, సేత్తో ఎయ్యాల."

అంచేత ఈ ఆదివారం కూడా
ఘాట్ మొదట్లో దిగాను.
వంగి, రెండు వేళ్ళతో చెయిన్ ఎత్తి
చిన్నదాని మీదకి జారవిడిచాను.
దూరం నుంచి చూస్తే
కొండకి దణ్ణం పెడుతున్నట్టుంటుంది.
దణ్ణం కాదు, నడుం నొప్పి.

ఎక్కాను.
కాళ్ళు బోలెడు తిరుగుతున్నాయి,
రోడ్డు కొంచెమే కదులుతోంది.
ఇది నాకు తెలిసిన తొక్కుడు కాదు.
పందెంలో ఇలా తిరిగితే
వెనకవాళ్ళు నవ్వుతూ దాటిపోయేవారు.
కట్టెల మోపుతో ఒకావిడ
నా పక్కనే, నా వేగంతోనే నడుస్తూ
వాళ్ళ మేక ఈనిందని చెప్పింది. రెండు పిల్లలట.
రెండో మలుపు దగ్గర అడ్డదారి పట్టి
నాకంటే ముందు పైన తేలింది.

ఆ కుర్రాడే మళ్ళీ:
"నడిసెల్తే బేగి ఎల్తారు గదా!"
అవున్రా, అన్నాను.
అనడానికి ఊపిరి మిగిలింది,
అదీ సంగతి.

సోమవారం అసెంబ్లీలో విజిల్ ఊదాను.
పెదవి మీద నల్లటి మరక అంటింది కాబోలు,
ఏడో తరగతి గుంట ఒకతి నవ్వేసింది.
ఎన్ని పళ్ళో నేను లెక్కపెట్టేలోపు
నోరు మూసేసుకుంది.